జానీ క్యాష్ జైలు కచేరీ సీడీ సెట్: హిట్ పాటల డిస్కు కంటే ముందు ఇదే కొనండి

అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ పాటలు వినడం ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ‘ఎట్ ఫాల్సమ్ ప్రిజన్’ లెగసీ ఎడిషన్. 2008లో వచ్చింది, రెండు సీడీలు, ఒక డీవీడీ. 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫాల్సమ్ జైల్లో ఆయన ఖైదీల ముందు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పాడాడు. అప్పటి ఎల్పీ రికార్డులో 16 పాటలే వేశారు, ఈ సెట్‌లో రెండు కచేరీలూ ఉన్నాయి.

హిట్ పాటల డిస్కులు కూడా బాగానే ఉంటాయి, కాదనను. కానీ వాటిలో మనిషి కనపడడు. 1932లో అర్కన్సాలో పుట్టి, చిన్నప్పుడే ఇంటివాళ్లతో పత్తి చేలో పని చేసి, 1944లో అన్న రంపం మిషన్ ప్రమాదంలో పోతే ఆ దుఃఖం జీవితాంతం మోసి, 1955లో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్‌లో మొదటి రికార్డు చేసి, పేరు వచ్చాక మాత్రలకు అలవాటు పడి దాదాపు అన్నీ పోగొట్టుకోబోయిన మనిషి ఆయన. పెద్ద శిక్ష ఎప్పుడూ పడలేదు, ఏవో కొన్ని రాత్రులు లాకప్‌లో గడిపాడంతే, అయినా ఆ ఖైదీలు ఆయన్ని తమవాడిగానే చూశారని ఇది వింటే తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ‘డార్క్ యాజ్ ద డంజన్’. కెంటకీ బొగ్గు గనుల దగ్గర పెరిగిన మెర్ల్ ట్రావిస్ రాసిన పాట. మా బల్లార్షాలో చాలా తెలుగు ఇళ్లు బొగ్గుబాయి జీతం మీదనో పేపర్ మిల్లు జీతం మీదనో నిలబడ్డవే, మా ఇల్లూ అంతే. బాపుకు ఇంగ్లిష్ రాదు, నేను పక్కన కూర్చుని అర్థం చెప్పాను. చచ్చిపోయాక తన ఒళ్లు కూడా బొగ్గయిపోతుందని, ఎప్పుడో ఇంకో కార్మికుడు తన ఎముకల్నే తవ్వుతాడని ఆ పాటలో వస్తుంది. పాట మధ్యలో ఖైదీలెవరో ఏదో అంటే క్యాష్ నవ్వేస్తాడు, రికార్డులో అది అలాగే ఉంచారు. ఇంత బరువైన పాటలో ఆ నవ్వేంటని అడిగితే బాపు, “బాయిల దిగినోళ్లు నవ్వరా బిడ్డా, నవ్వకుంటే షిఫ్టు ఎట్ల గడుస్తది” అన్నాడు. ఆ పాట గురించి ఇంతకంటే మంచి మాట నేనెక్కడా చదవలేదు.

గాయని జూన్ కార్టర్‌తో పాడిన ‘జాక్సన్’ కూడా వదలకండి, ఆ కచేరీ అయిన రెండు నెలల్లోపే, మార్చి 1న వాళ్ల పెళ్లి జరిగింది. చివరి పాట ‘గ్రేస్టోన్ చాపెల్’ రాసింది ఆ జైల్లోనే ఉన్న గ్లెన్ షెర్లీ. ముందు రోజు రాత్రి టేపు విని నేర్చుకుని, ముందు వరుసలో కూర్చున్న అతనికి మాట కూడా చెప్పకుండా క్యాష్ ఆ పాట పాడాడు. 1971లో షెర్లీ విడుదలయ్యాక తన బృందంలోకి కూడా తీసుకున్నాడు, కానీ అతను బయట నిలదొక్కుకోలేకపోయాడు, 1978లో చనిపోయాడు. డీవీడీలో ఈ కథ ఉంది, పాట ఒకసారి విన్నాకే చూడండి.

ఒక విషయం నాకు నచ్చలేదు. క్యాష్ పాడిన మొదటి పాట ‘ఫాల్సమ్ ప్రిజన్ బ్లూస్’లో, రెనో అనే ఊళ్లో మనిషిని కాల్చానన్న చోట పాత ఎల్పీలో వినిపించే కేకలు ఆ రోజు ఖైదీలు వేసినవి కావు, తర్వాత స్టూడియోలో కలిపారు. గార్డులు చూస్తుంటే అక్కడ కేకలేసే ధైర్యం ఎవరికుంటుంది? ఆ నిశ్శబ్దాన్ని అలాగే ఉంచాల్సింది.

రెండో సీడీలో అలసట బాగా తెలుస్తుంది. పాత ఎల్పీకి ఈ రెండో కచేరీ నుంచి ‘గివ్ మై లవ్ టు రోజ్’, ‘ఐ గాట్ స్ట్రైప్స్’ మాత్రమే తీసుకున్నారు, ఎందుకో వింటే అర్థమవుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే నాకు డబ్బా మూల పగిలి వచ్చింది, డిస్కులకు ఏమీ కాలేదు, మీరు మాత్రం ప్యాకింగ్ గురించి ముందే అడగండి. సీడీ ప్లేయర్ లేనివాళ్లు ఫోన్‌లోనైనా వినొచ్చు, కాకపోతే షఫుల్ తీసేసి మొదటి కచేరీని వరుసగా వినండి.