మేడ, మెడ: రెండు లిపుల్లో మా తెలుగు

బరంపురంలో మా ఇంటి తెలుగుకి రెండు లిపులు. నేను తెలుగు అక్షరాల్లో రాస్తాను. ఒడియా మీడియంలో చదివిన మా అబ్బాయి అదే తెలుగుని ఒడియా అక్షరాల్లో రాస్తాడు.

రెండూ బ్రాహ్మి నుంచి వచ్చినవే. తాటాకు మీద గంటంతో తిన్నగా గీత గీస్తే ఆకు చీలుతుందని రెండూ గుండ్రంగా తిరిగాయంటారు.

చిక్కంతా అచ్చుల్లోనే. మనకి ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. ఒడియాలో ఒక్కో జతకి ఒకటే అక్షరం. 'తాళం మేడ మీద పెట్టాను' అని వాడు చీటీ రాస్తే 'మెడ మీద' అని కూడా చదవొచ్చు. అయినా నాకెప్పుడూ టెన్షన్ లేదు, తాళం మెడ మీద ఎవరు పెడతారు! పేర్లతోనే ఇబ్బంది. ఒడియాలో అకారం దాదాపు ఒకారంలా పలుకుతుంది. 'కమల' అని రాస్తే పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) 'కొమొలొ' అని చదువుతుంది.

వాడికి సులువు ఒడియా లిపే, కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. చీటీల వరకు సరే. ఆవకాయ కొలతలు, చుట్టాల పేర్లు మాత్రం తెలుగులోనే రాయమంటాను. మా అమ్మకి ఒడియా మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. మనవడి చీటీ చూసి వాడికే ఫోన్ చేసి చదివించుకుంటుంది.