సకినాలకు పెద్ద డబ్బా ఒద్దు

నల్లగొండ క్లాక్ టవర్ దిక్కు ఒక కొరియర్ షాపు నుంచి డల్లాస్ల ఎమ్మెస్ చదివే మా తమ్మునికి సంక్రాంతి పార్సిల్ పంపిన. షాపు పేరు రాస్తలేను, తిట్టేది గూడ ఉన్నది. ఐదుకు మూడున్నర ఇస్త.

ఇంట్ల తూకమేస్తె 8 కిలోలు. వాళ్ళు 12 కిలోల బిల్లు చేతిల పెట్టిన్రు. ఇదేందంటే డబ్బా కొలత చూపెట్టిండు: 50, 40, 30 సెంటీమీటర్లు. మూడూ గుణించి 5000తోటి భాగిస్తె 12. అసలు తూకం, ఈ లెక్క, రెండిట్ల ఏది ఎక్కువుంటె దానికే పైసలట. ఆ డబ్బా ఇచ్చింది వాళ్ళే! లొల్లి పెడితె 40, 35, 30ది తీసిండు. ఎనిమిదిన్నర కిలోలకు దిగింది. కిలోకు 750 చొప్పున 2,600 మిగిలినయి.

మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు వాక్యూమ్ ప్యాకింగ్ చేసిండు, చుక్క నూనె కారలే. చికెన్ తొక్కు తీసుకోలే, అమెరికాల మాంసం రానియ్యరు. సుంకం కలిపిన్రా లేదా ముందే అడుగున్రి. 2025 ఆగస్టు 29 నుంచి అక్కడ 800 డాలర్లలోపు పార్సిళ్ళకున్న మినహాయింపు తీసేసిన్రు. సకినాలైతె సగం పలిగినయి.

మావోడు రెండు నెలల సంది సక్కగ మాట్లాడుతలేడు. ఆడ రాత్రి పదైతె ఈడ పొద్దుగాల తొమ్మిదిన్నర. క్యాంపస్ క్యాంటీన్ల డ్యూటీ చేసొచ్చి "మంచిగున్న అక్కా" అని ఫోన్ పెట్టేస్తుండె. పార్సిల్ అందిన్నాడు వాడే వీడియో కాల్ చేసిండు. పక్కన రూమ్‌మేటు, నేపాల్ పిలగాడు, పలిగిన సకినం ముక్కల్ని పళ్ళెంల మళ్ళ గుండ్రంగ పేరుస్తున్నడు. తిహార్ పండుగకు వాళ్ళమ్మ గూడ బియ్యప్పిండితోనే గుండ్రంగ సెల్ రోటీ పోస్తదట. నాలుగు నెలల సంది ఒక్క రూముల ఉండి, ఇద్దరూ ఇంటి ముచ్చట తీసింది ఆనాడేనట.

ఆ వారమే ఆ పిలగాడు మావోన్ని యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటరుకు తోల్కపోయిండు. పోయిన సెమిస్టర్ల తనూ పోయిండట. మావోనికి అసొంటిది ఉన్నదనే తెల్వది. "ఫీజుల్నే కలిసుందట అక్కా, వేరే పైసలడగలే" అన్నడు. ఇప్పుడు కాల్ చేస్తె అరగంట వదలడు, నాకే దుకాణం తెరిసే యాళ్ళ అయితది.

ఉగాదికి మళ్ళ పంపాలె, ఆ షాపు నుంచే. నేపాల్ పిలగానికి వేరే కిలో సకినాలు. ఈసారి గట్టి డబ్బాల, సందులల్ల తువ్వాలలు కుక్కి. కొలత టేపు గూడ నా సంచిలనే ఉంటది.