చెవితో చదివిన పుస్తకాలు

నీటికాసుల జబ్బు ముదిరి అమ్మకు అక్షరాలు కనపడకుండా పోయి మూడేళ్ళవుతోంది. అప్పటి నుంచి ఒంగోలులో మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఒక గంట నేను చదువుతాను, ఆమె వింటుంది. కరెంటు పోయినా ఆగదు, ఫోను వెలుతురు చాలు. ఇలా ముప్పైకి పైగా పుస్తకాలు పూర్తయ్యాయి. అందులో సగానికి సగం నేను అంతకు ముందే మనసులో చదువుకుని, బాగున్నాయనో బాగాలేవనో తీర్పు ఇచ్చేసినవి. పైకి చదివాక ఆ తీర్పుల్లో చాలా వాటిని కొట్టేయవలసి వచ్చింది. కన్ను విసుగు పుట్టించే పేరాను చల్లగా దాటేస్తుంది. నోటికి ఆ సౌకర్యం లేదు.

మొదట కథలు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' మా ఇంట్లో నాలుగుసార్లు పూర్తయింది. నెల్లూరు జిల్లా మాటలో, బీద ముస్లిం ఇంటి పిల్లవాడి నోట నడిచే కథలు. నేను మొదటిసారి చదివేటప్పుడు నాకు తెలియకుండానే ఆ యాసను పత్రికల తెలుగులోకి సర్దుతూ పోయాను. రెండో పేజీలోనే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మాయీ, అక్కడ అలాగే ఉందా, నువ్వు మారుస్తున్నావా?"

"కొంచెం మారుస్తున్నానమ్మా."

"మార్చకు. ఉన్నది ఉన్నట్టు చదువు. మీ నాయన గొంతు వినపడుతోంది."

మా నాన్న వాళ్ళది కావలి. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక కూడా ఆయన ఆ యాస వదల్లేదు. మార్కాపురం పిల్ల అయిన అమ్మ దాన్ని వెక్కిరిస్తూనే బతుకంతా గడిపింది. ఆ రాత్రి తర్వాత నేను యాసతోనే చదవడం నేర్చుకున్నాను. చాలా చోట్ల తప్పుతాను, అమ్మ దిద్దుతుంది. వేరే ప్రాంతం పాఠకులకు ఈ కథల్లో కొన్ని మాటలు మింగుడుపడవని విన్నాను. వాళ్ళకు నా సలహా ఒకటే, పైకి చదవండి. కంటికి అడ్డం పడిన మాట చెవికి అర్థమవుతుంది. ఆయనదే 'న్యూబాంబే టైలర్స్' కథ, రెడీమేడ్ బట్టలు వచ్చాక చేతిపని వెనకబడిన దర్జీ కథ, మాత్రం ఒక్కసారే చదివాం. అమ్మ రెండోసారి వద్దంది. బాగాలేక కాదు. మా వీధి చివర రవికలు కుట్టే ఆయన కొట్టు మూసేసిన నెలలోనే అది చదివాను.

ఇక ఆత్మకథలు. టంగుటూరి ప్రకాశం పంతులు 'నా జీవిత యాత్ర' కాలేజీ రోజుల్లో చదివి, రాజకీయాలు ఎక్కువని పక్కన పెట్టిన పుస్తకం. నాది తొందరపాటు. ఆయన 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఆ భాగం చదువుతుంటే అమ్మ ప్రశ్నలతో నేను పేజీ తిప్పలేకపోయాను. ఆ ఇల్లు ఏ వీధిలో ఉండేది? పూటకు ఎంతమంది వచ్చేవారు? అప్పు పెట్టి తిని పోయినవాళ్ళు ఎందరు? విస్తరాకులు ఎవరు కుట్టేవారు? నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. మర్నాడు పొద్దున వంటింట్లో కూర్చుని, పదిహేను మందికి రెండు పూటలా బియ్యం ఎన్ని సోలలు పడతాయో తనే లెక్క కట్టి, "ఆ తల్లికి నిద్ర ఉండి ఉండదు" అంది. తర్వాత ముఖ్యమంత్రి అయిన మనిషి గురించి వింటూ, ఆయన తల్లి పొయ్యి దగ్గరే ఆగిపోయింది మా అమ్మ.

మొదటి భాగాలు అద్భుతంగా వినిపిస్తాయి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి వెంట రాజమండ్రికి చేరడం, నాటకాల పిచ్చి, వకీలుగా సంపాదించినదంతా 1921లో పెట్టిన 'స్వరాజ్య' పత్రికకు ధారపోయడం, ఇవన్నీ ఎదురుగా అరుగు మీద కూర్చుని ఒక పెద్దాయన చెప్తున్నట్టే ఉంటాయి. తన తప్పులు తనే చెప్పుకుంటారు, వాటికి సాకులు వెతకరు. కాంగ్రెసు లోపలి తగాదాలు వచ్చేసరికి మాత్రం పేర్లు ఎక్కువై అమ్మ కునుకు తీసింది. ఇక్కడ ఒక చిన్న వింత. నాలుగో భాగం పంతులుగారు రాసినది కాదు, తెన్నేటి విశ్వనాథం గారు రాసి పూర్తి చేశారు. ఆ సంగతి నేను అమ్మకు చెప్పడం మరచిపోయాను. మూడు నాలుగు పేజీలు విని, "ఇది వేరే మనిషి మాట" అంది. నేను పదహారేళ్ళ కిందట అదే పుస్తకం చదివి ఆ తేడా పట్టుకోలేదు.

అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారి 'విప్లవ పథంలో నా పయనం' కూడా మొదలుపెట్టాం. పేరు చివరి రెడ్డిని వదిలేసిన మనిషి కదా అని అమ్మకు గౌరవం. ఉద్యమాల వివరాలు దట్టంగా ఉన్న పుస్తకం, నెమ్మదిగా చదువుకోవాలి. పైకి చదవడానికి అనువైనది కాదు. సగంలో ఆగాం. మరో ఆత్మకథలో ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, రెండుసార్లు వేసి తర్వాతి ఫారం ఎగరగొట్టారు. ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తే జవాబు లేదు. ఆ పదహారు పేజీల్లో ఏం జరిగి ఉంటుందో అమ్మ తనే ఊహించి చెప్పింది, అసలు కంటే అదే బాగుందేమో.

కవిత్వంతో చిక్కు వచ్చింది. నాకు ఎంతో ఇష్టమైన కవి ఇస్మాయిల్. కాకినాడలో తత్త్వశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు, 'చెట్టు నా ఆదర్శం' అన్న కవి. అంత ఇష్టంగా చదివి వినిపిస్తే అమ్మ అడిగింది, "అయిపోయిందా?" ఇంకో పద్యం. "ఇదీ అయిపోయిందా?" మా తాతకు తిక్కన విరాటపర్వం పద్యాలు కంఠస్థం. యతి ప్రాసలు చెవిలో ఇమిడి పెరిగిన మనిషికి, ఊపిరి తీసుకునేలోపు ముగిసే కవిత ఎలా ఆనుతుంది? వారం రోజులు అలిగాను. తర్వాత పద్ధతి మార్చాను. రాత్రి చదువు అంతా అయ్యాక, దీపం తీసేసి, ఒక్క కవిత రెండుసార్లు. మధ్యలో మాట్లాడకూడదని ఒప్పందం. అది కుదిరింది. ఆయన హైకూల, అంటే మూడు పాదాల చిట్టి కవితల, పుస్తకం 'కప్పల నిశ్శబ్దం' వానాకాలంలో మొదలుపెట్టడం నా పొరపాటు. బయట మురుగుకాలవలో కప్పలు గొంతులు చించుకుంటుంటే, "ఈయన చెప్పే నిశ్శబ్దం మన వీధికి ఎప్పుడు వస్తుంది?" అని పక్క మీద నుంచే నవ్వింది. ఒక్క బిగిన చదివితే ఈ పుస్తకాలు ఏమీ ఇవ్వవు. రోజుకు ఒకటి చొప్పున ఏడాది వాడాక చెప్తున్నాను.

చివరిది, అసలు నేను ఇది రాయడానికి కారణం, ఒక ఫొటోల పుస్తకం. బ్రెజిల్ ఫొటోగ్రాఫర్ సెబాస్టియావ్ సల్గాడో 1993లో తెచ్చిన 'వర్కర్స్'. మా మేనల్లుడు విదేశం నుంచి మోసుకొచ్చాడు. ఒడిలో పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కే బరువు. చూపు లేని మనిషికి ఫొటోల పుస్తకం ఎలా చదవాలి? అమ్మే అడిగింది, "బొమ్మల్లో ఏముందో చెప్పు, చాలు."

బ్రెజిల్‌లోని సెర్రా పెలాడా బంగారు గని దగ్గర మొదలుపెట్టాను. పెద్ద గొయ్యి, వేలమంది మగవాళ్ళు, ఒళ్ళంతా బురద, వీపుల మీద మట్టి సంచులు, నిచ్చెనలు. అలా చెప్పి పేజీ తిప్పబోయాను.

"నిచ్చెన మీదవాడు పైకి చూస్తున్నాడా, కిందికా?"

మళ్ళీ చూశాను. "అందరూ ముందు వాడి కాళ్ళకేసి చూస్తున్నట్టుంది."

"అవును, లేకపోతే జారిపోతారు. కాళ్ళకు చెప్పులున్నాయా?"

ఆ ఒక్క బొమ్మకే ఆ రాత్రి సరిపోయింది. అమ్మ చిన్నతనం మార్కాపురం పలకల మధ్య గడిచింది. తాత గనిలో రాయి చీల్చేవాడు, పిల్లలు ఇంట్లో పలకలకు చెక్క చట్రాలు బిగించేవారు. ఇండొనేషియాలో గంధకం గడ్డలు మోసేవాళ్ళ బొమ్మ చెప్తుంటే, తాత ముక్కుకు తువ్వాలు కట్టుకున్నా రాత్రంతా దగ్గేవాడని చెప్పింది. ఈ మాట నాకు ఇంతకు ముందెప్పుడూ చెప్పలేదు. ధన్‌బాద్ బొగ్గు గని మనుషుల దగ్గర, "కళ్ళు తెల్లగా కనపడుతున్నాయి కదూ?" అని తనే అంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల పక్కగా ఎన్నిసార్లు బస్సులో పోయానో లెక్కలేదు. కిటికీలోంచి లారీలు చూశానే తప్ప లోపలి మనుషుల కాళ్ళు చూడలేదు.

లోపాలు లేవని కాదు. ఫొటోల వివరాలు వేరే చిన్న పుస్తకంగా ఇచ్చారు, ఒక చేత్తో పెద్ద పుస్తకం పట్టుకుని రెండో చేత్తో దాన్ని వెతుక్కోవాలి. ఇంకొకటి, కొన్ని బొమ్మలు మరీ అందంగా ఉన్నాయి. వెలుగునీడల గురించి నేను మురిసిపోతూ చెప్తుంటే అమ్మ అడ్డుకుంది, "అందం సంగతి తర్వాత, వాడు ఏం మోస్తున్నాడో చెప్పు." ధర కూడా మామూలు జీతగాళ్ళకు అందేది కాదు. దొరికితే గ్రంథాలయంలో చూడండి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని ప్రతి బొమ్మా నోటితో చెప్పండి. మీరెంత చూడలేదో తెలిసొస్తుంది.

మేనల్లుడు వచ్చే నెల పుస్తకం తిరిగి ఇవ్వమంటున్నాడు. అమ్మ ఒప్పుకోవడం లేదు. బంగ్లాదేశ్ తీరంలో పాత ఓడలు విడగొట్టేవాళ్ళ పేజీలు ఇంకా మిగిలి ఉన్నాయి. అంత ఇనుము మనుషులు చేతులతో ఎలా కోస్తారో విన్నాకే పంపుతానంటోంది.