నాడీశాస్త్ర పాఠానికి రీల్ మేలా, వాట్సాప్ ప్రశ్న మేలా?

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల విద్యార్థులకు వార్డు పని ముగిశాక మిగిలే పది నిమిషాల్లో నాడీశాస్త్రం (న్యూరాలజీ) చెప్పడానికి ఈ రెండు దారులూ పనికివస్తాయి. మెదడు లేదా వెన్నుపాము దెబ్బతిన్నదని తెలిపే, 1896లో ఫ్రెంచ్ వైద్యుడు బబిన్‌స్కీ వివరించిన గుర్తుకు రీలే తగినది. మడమ నుంచి అరికాలి బయటి అంచు వెంట గీసినప్పుడు బొటనవేలు నెమ్మదిగా పైకి లేవడాన్ని ఏ బొమ్మా చూపలేదు.

అయితే చూడటం వేరు, ఆలోచించడం వేరు. మూతి వంకరపోయిన రైతు నుదుటిపై ముడతలు తేగలుగుతున్నాడంటే లోపం ఎక్కడుందని గ్రూపులో ఉదయం అడిగి, జవాబు సాయంత్రం చెబితే, అది ముఖ కండరాలను కదిపే ముఖనాడిలో కాక మెదడులో ఉండవచ్చన్న తర్కాన్ని విద్యార్థి తానే పట్టుకుంటాడు. అందుకే నా మొగ్గు ప్రశ్న వైపే.

పైగా మన చిన్న ఊళ్లలో రీల్‌లోని ముఖాన్ని ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు కనుక రోగి రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ప్రశ్నకైతే వయసు, లక్షణాలు చాలు.