రిబ్స్ మెత్తగా రావాలంటే ఏది మేలు: కుక్కరా, బొగ్గుల గ్రిల్లా, ఓవెనా?

"రిబ్స్ తెచ్చానక్కా, కుక్కర్లో ఎన్ని విజిల్స్ పెట్టమంటావు?" అని డాలస్‌లో ఉండే మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. శనివారం వాళ్లింటికి ఎనిమిది మంది భోజనానికి వస్తున్నారట. విజిల్స్ లెక్కలో చెప్పే జవాబు కాదిది. తనకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

రిబ్స్ అంటే పంది పక్కటెముకల మాంసం. ముందు ఏ రిబ్స్ తెచ్చారో చూసుకోండి. పందికి వెన్నెముక పక్క నుంచి కోసినవి బేబీ బ్యాక్. చిన్నవి, కొవ్వు తక్కువ, త్వరగా ఉడుకుతాయి. పొట్ట వైపువి స్పేర్ రిబ్స్. వాటి చివర ఉండే మెత్తటి ఎముకలు తీసేసి సమంగా కోస్తే సెయింట్ లూయిస్ కట్ అంటారు. వీటికి రుచీ ఎక్కువే, టైమూ ఎక్కువే. మొదటిసారి చేసేవాళ్లకి బేబీ బ్యాక్ మంచిది. ప్యాకెట్ మీద "సొల్యూషన్" అని శాతంతో రాసి ఉంటే అది ముందే ఉప్పునీళ్లు ఎక్కించిన మాంసం. అలాంటప్పుడు మసాలాలో ఉప్పు బాగా తగ్గించాలి.

ఎముకల వైపు తెల్లటి పల్చటి పొర ఒకటుంటుంది. చెంచా కాడను దాని కిందికి దూర్చి కొంచెం లేపండి. వేళ్లకి జారిపోతుంది కాబట్టి పేపర్ టవల్‌తో పట్టుకుని లాగితే చర్రుమని మొత్తం ఊడొస్తుంది. ఇది వదిలేస్తే ఎంత బాగా ఉడికినా పంటికి రబ్బరులా తగులుతుంది.

ఇక ఉడకడం. లోపల 145 డిగ్రీల ఫారెన్‌హీట్ (63 సెల్సియస్) వేడికి చేరి, మూడు నిమిషాలు ఆగితే పోర్క్ తినడానికి భయం లేదు. కానీ ఆ దశలో రిబ్స్ తోలులా ఉంటాయి. కండను పట్టి ఉంచే కొల్లాజెన్ కరిగి జిగురుగా మారాలంటే వేడి 190-203 డిగ్రీల (88-95 సెల్సియస్) దాకా నెమ్మదిగా వెళ్లాలి. పాయ తాగుతుంటే పెదాలకి అంటుకునే జిగురు ఇదే.

కుక్కర్‌లో ఈ పని చాలా త్వరగా అవుతుంది. ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) ఒక కప్పు నీళ్లు పోసి, స్టాండ్ మీద బేబీ బ్యాక్‌ని చుట్టగా నిలబెట్టి, హై ప్రెషర్‌లో 25 నిమిషాలు ఉంచాలి. తర్వాత పది పదిహేను నిమిషాలు ప్రెషర్‌ని దానంతట అదే దిగనివ్వాలి. మెత్తదనానికి ఏ లోటూ ఉండదు. లోటంతా రుచిలోనే. మూత తీసి అడుగున ఉన్న నీళ్లు ఒక చెంచా తాగి చూడండి, మాంసం రుచి చాలావరకు అందులోనే ఉంటుంది. మటన్ పులుసైతే ఆ రసాన్ని అన్నంలో కలుపుకుంటాం కాబట్టి ఏదీ పోదు. రిబ్స్‌కి పులుసు లేదు, పైన పట్టించిన మసాలా కూడా ఆవిరికి తడిసి కిందికి కారిపోతుంది. నేనొకసారి నలభై నిమిషాలు పెట్టేశాను. పట్టకారుతో ఎత్తితే ఎముకలు చేతికొచ్చాయి, మాంసం గిన్నెలో ఉండిపోయింది. అలా ఊడిపోవడమే గొప్ప అని చాలామంది అనుకుంటారు. అమెరికాలో బార్బెక్యూ పోటీల జడ్జీలు మాత్రం అది ఎక్కువ ఉడికిందనే అంటారు. కొరికిన చోట మాత్రమే మాంసం శుభ్రంగా ఊడిరావాలి, పంటి గుర్తు అలాగే కనిపించాలి. నా మాటా అదే. టైమ్ లేక కుక్కరే వాడితే, ఆ నీళ్లు పారబోయకండి. పావు వంతు అయ్యేదాకా మరిగించి సాస్‌లో కలపండి.

బొగ్గుల మీద వచ్చే రుచి ఇంకెక్కడా రాదు, అందులో వాదన లేదు. బొగ్గులు ఒక పక్క, రిబ్స్ ఇంకో పక్క, మూత వేసి లోపల వేడి 225 డిగ్రీల (107 సెల్సియస్) దగ్గర నిలపాలి. పొగ కోసం హికరీ అనే చెట్టు చెక్క ముక్కలు రెండు మూడు వేస్తే చాలు. స్పేర్ రిబ్స్‌కి 3-2-1 అనే లెక్క వాడతారు: మూడు గంటలు పొగలో, రెండు గంటలు ఫాయిల్‌లో, ఆఖరి గంట సాస్‌తో. మధ్యలో 150, 160 డిగ్రీల దగ్గర మాంసంలో గుచ్చిన థర్మామీటర్ చాలాసేపు కదలదు. టెన్షన్ పడి బొగ్గులు పెంచేయకండి. మట్టికుండలో నీళ్లు చల్లబడ్డట్టే, పైనున్న తడి ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంటుంది. ఫాయిల్ చుట్టగానే మళ్లీ వేడి ఎక్కుతుంది. కానీ ఆరు గంటలు గ్రిల్ కనిపెట్టుకుని ఉండాలి. పైగా చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీలో బొగ్గులు వెలిగించనివ్వరు.

అందుకే ఇంటికి నా ఓటు ఓవెన్‌కే. బ్రౌన్ షుగర్, పాప్రికా (ఘాటు తక్కువ ఉండే ఎర్ర మిరప పొడి), మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఉప్పు, ఒక చెంచా గుంటూరు కారం కలిపి రెండు వైపులా పట్టించండి. రెండు పొరల ఫాయిల్‌లో గాలి పోకుండా చుట్టి, 275 డిగ్రీల్లో (135 సెల్సియస్) పెట్టండి. బేబీ బ్యాక్‌కి రెండున్నర గంటలు, సెయింట్ లూయిస్‌కి మూడు, మూడున్నర. ఇక్కడ రసం ఎక్కడికీ పోదు, ఫాయిల్‌లోనే నిలుస్తుంది. దాన్ని గిన్నెలోకి వంచి, పైన తేలిన కొవ్వు తీసేసి, బార్బెక్యూ సాస్‌తో చిక్కబడేదాకా మరిగించండి. టమాటా, మొలాసిస్‌తో (చెరకు మడ్డి) తియ్యగా ఉండే కాన్సస్ సిటీ తరహా సాస్ దీనికి బాగా కుదురుతుంది. మెంఫిస్‌లో లాగా సాస్ లేకుండా పొడి మసాలాతో తిన్నా బాగుంటుంది. సాస్‌లో చక్కెర ఉంటుంది కాబట్టి ముందే రాస్తే మాడి చేదెక్కుతుంది. ఆఖర్న రాసి, బ్రాయిలర్ (ఓవెన్‌లో పై నుంచి నేరుగా వేడి తగిలే భాగం) కింద మూడు నాలుగు నిమిషాలు ఉంచండి. ఓవెన్ ముందు నుంచి కదలొద్దు. పొగ వాసన ఒక్కటే తక్కువవుతుంది. స్మోక్డ్ పాప్రికా వేస్తే కొంత వస్తుంది, పూర్తిగా రాదు.

ఉడికిందో లేదో గడియారం కన్నా పట్టకారే బాగా చెబుతుంది. ఒక చివర పట్టుకుని ఎత్తితే రిబ్స్ విల్లులా వంగి, పైన సన్నగా పగుళ్లివ్వాలి. వంగకపోతే ఇంకో ఇరవై నిమిషాలు.

ఎనిమిది మందికి నాలుగు బేబీ బ్యాక్ ర్యాక్‌లు (ర్యాక్ అంటే విడదీయని ఒక వరస ఎముకలు), రెండు ట్రేలలో పెట్టమన్నాను. పొద్దున్నే ఫాయిల్‌లో ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, సాయంత్రం అదే ఫాయిల్‌తో బాగా వేడిచేసి సాస్ రాస్తే సరిపోతుంది. శనివారం రాత్రి తను ఫొటో పంపింది. ప్లేటులో సగం తిన్న ఎముక, దాని మీద మాంసంలో నెలవంకలా పంటి గుర్తు.