లారీ రిమ్ము కుంపటి: కొన్ని చలికాలాలు వాడాక

శ్రీకాకుళం శివార్లలో ఉంటాం. పాత లారీ చక్రం రిమ్ముకు మూడు కాళ్లు అతికించి, అడుగున జాలీ వేయించిన కుంపటి మాది. చలికాలం సాయంత్రాలు పెరట్లో దాని చుట్టూనే కూర్చుంటాం. చేయించుకోవచ్చా అని అడిగేవాళ్లకు నిస్సందేహంగా చేయించుకోమనే చెబుతాను. కాకపోతే అందులో ఏం వేస్తారన్నది కుంపటి కంటే ముఖ్యం.

వెల్డింగ్ షాపులో సగానికి కోసిన డ్రమ్ము చవకగా వస్తుంది. కానీ ఆ పల్చటి రేకు వేడికి వంగిపోతుంది, ఉప్పుగాలికి తొందరగా చిల్లులు పడుతుంది. జింకు పూత ఉన్న జీఐ రేకైతే అసలు వద్దు. బాగా కాలినప్పుడు దాన్నుంచి వచ్చే పొగ పీలిస్తే జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. రిమ్ము ఇనుము మందంగా ఉంటుంది, దానికున్న రంధ్రాల్లోంచి గాలి ఆడి మంట త్వరగా అందుకుంటుంది. బరువు మాత్రం ఎక్కువ, ఒక్కరు జరపలేరు. వానాకాలంలో బోర్లించి కప్పకపోతే పెచ్చులుగా తుప్పు లేస్తుంది.

కట్టెల్లో నా ఓటు సరుగుడుకే. అడితిలో కొన్నాక కూడా కొన్ని నెలలు నీడలో ఆరబెడతాను. పచ్చి కట్టెలో ఉన్న నీరు ఆవిరయ్యేదాకా వేడి ఉండదు, పొగే ఉంటుంది. పలాస వైపు నుంచి జీడిపిక్కల పెంకులు తెచ్చి వేస్తారు కొందరు. వాటిలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, ఆ పొగకు కళ్లు మండుతాయి. పెరట్లో కూర్చునే మంటకు అవి పనికిరావు.

చెత్త సంగతి వేరే చెప్పాలి. ఇంటి చెత్తను వీధిలో గానీ బహిరంగ స్థలాల్లో గానీ కాల్చకూడదని 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇంకాస్త గట్టిగా చెప్పింది: బయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 కట్టాలి. నిప్పుతో నిర్లక్ష్యంగా ఉండి ఇంకొకరి ప్రాణానికి ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఇవి తెలిశాక మా ఇంట్లో పాల కవరు కూడా కుంపటిలో పడటం లేదు. భోగినాడు టైర్లు కాల్చడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పాత కర్రలు, పిడకలు ఉండగా ఆ నల్లపొగ పిల్లల చేత పీల్పించడం ఎందుకు?

చట్టం కంటే ముందు పక్కింటివాళ్లు ఉన్నారు. చలికాలం రాత్రి గాలి ఆడదు, పొగ పైకి పోకుండా నేలబారుగా పాకుతుంది. మా పక్కింటి మామ్మగారికి ఆయాసం. అంటించే ముందు ఆమెను అడుగుతాం. "ఈవేళ వద్దు బాబూ" అంటే ఆ రోజు మంట లేదు. అవతల తాటాకు పాక కూడా ఉంది కాబట్టి గాలి అటు తిరిగితే వెంటనే నీళ్లు పోసేస్తాం.

ఆర్పడం దగ్గర బద్ధకం పనికిరాదు. బూడిద కింద నిప్పు తెల్లారేదాకా బతికే ఉంటుంది. నీళ్లు పోసి, కలియబెట్టి, మళ్లీ పోయాలి. వెచ్చగా ఉంటుందని ఆ నిప్పుల్ని గదిలో పెట్టుకుని తలుపులు వేసుకోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే ప్రాణం పోతుంది.

గోడకు గోడ ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లు, అపార్ట్‌మెంట్ వాళ్లు మాత్రం దీన్ని కొనకండి. చుట్టూ ఖాళీ జాగా, చేతికందేంత దూరంలో నీళ్లు ఉన్న పెరడైతేనే ఇది సరిపోతుంది.