నల్లగొండలో ఏసీ మార్పిడి: గ్యాస్ మారిన కాలంలో ఒక దుకాణం పనితీరుపై సమీక్ష

నల్లగొండ దేవరకొండ రోడ్డులో ఏసీలు అమ్మి, బిగించి, మరమ్మతులు కూడా చేసే ఒక మధ్యస్థాయి దుకాణంలో ఈసారి ఎండలు ముదరకముందే ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ తీసుకున్నాము. అక్కడి సరుకు ఊరంతా దొరికేదే. ధర కూడా ఆన్‌లైన్ ధరకు కొంచెం అటూ ఇటూగానే ఉంది. అయినా ఈ సమీక్ష రాయవలసినంత విషయం ఉందని ఎందుకు అనిపించిందంటే, ఏసీల్లో వాడే గ్యాస్ మారిపోయినా పని చేసే పద్ధతి పాతదే సాగుతున్న మా పట్టణంలో, గ్యాస్‌తో పాటు పద్ధతినీ మార్చుకున్న దుకాణం నాకు ఇదొక్కటే కనిపించింది.

మా పాత ఏసీ ఆర్-22 గ్యాస్‌తో నడిచేది. ప్రతి వేసవిలో చల్లదనం తగ్గడం, వేరొక మెకానిక్ వచ్చి గ్యాస్ అయిపోయిందని చెప్పి నింపి, డబ్బు తీసుకుని వెళ్లడం ఆనవాయితీగా మారింది. నిజానికి ఏసీలోని గ్యాస్ బండిలో పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది కనుక, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఈ దుకాణం నుంచి వచ్చిన కుర్రవాడు గ్యాస్ సిలిండర్ జోలికి పోకుండా ముందుగా సబ్బు నురుగు కలిపి అవుట్‌డోర్ యూనిట్ నట్లకు పూశాడు. లావు గొట్టం నట్టు అంచున ఆవగింజంత బుడగలు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. దాని కింద నూనె మరక, ఆ మరకకు అంటుకున్న దుమ్ము నల్లగా కనబడుతూనే ఉన్నాయి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటికి వస్తుంది కాబట్టి, ఏసీ ఉన్నవారెవరైనా ఇలాంటి మరకను కంటితోనే గుర్తించవచ్చు.

ఎలాగూ గ్యాస్ చాలావరకు పోయింది కదా, దీనిలోనే కొత్త గ్యాస్ నింపరాదా అని అడిగాను. "గిండ్ల కొత్త గ్యాస్ ఎక్కియ్యొద్దు సార్, కంప్రెసర్ ఖరాబైతది" అన్నాడు. అతని మాటలో పూర్తి నిజం ఉంది. కొత్త గ్యాస్‌లైన ఆర్-32 గాని, ఆర్-410ఏ గాని ఆర్-22 కన్నా సుమారు 60 శాతం ఎక్కువ ఒత్తిడితో పని చేస్తాయి. పాత యంత్రం కాయిళ్లు, కంప్రెసర్ ఆ ఒత్తిడికి తగినట్టు తయారైనవి కావు. కంప్రెసర్ నూనె కూడా వేరు. ఆర్-22 యంత్రాల్లో మినరల్ ఆయిల్ ఉంటుంది, కొత్త గ్యాస్‌లకు సింథటిక్ ఆయిల్ కావాలి. అందువల్ల పాత ఏసీకి కొత్త గ్యాస్ నింపి ఇస్తామనే వారిని గుమ్మం దగ్గరే ఆపడం మంచిది.

అలాగని ఆర్-22 ఏసీ ఉన్నవారు కంగారుపడి దాన్ని తుక్కు కింద అమ్ముకోనవసరం లేదు. ఓజోన్ పొరకు హాని చేసే ఈ గ్యాస్‌ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం దశలవారీగా తగ్గిస్తూ 2030 నాటికి దాదాపుగా మానేయవలసి ఉంది. ఆ తరువాత 2040 వరకు పాత యంత్రాల సర్వీసుకు మాత్రం స్వల్ప పరిమాణానికి వెసులుబాటు ఉంది. లీకు సరిచేసి నింపించుకుంటే మంచి స్థితిలో ఉన్న యంత్రం మరికొన్నేళ్లు నడుస్తుంది. దుకాణం యజమాని మాకు మొదట చెప్పిన సలహా కూడా ఇదే, అమ్మకం పోతుందని ఆయన వెనుకాడలేదు. అయితే నైట్రోజన్ ఒత్తిడి పెట్టి చూసినప్పుడు ఇండోర్ కాయిల్‌కు కూడా సన్నని రంధ్రాలు పడినట్టు తేలింది. ఆ మోడల్ కాయిల్ దొరకదు కాబట్టి కొత్తది కొనవలసి వచ్చింది.

కొనేటప్పుడు నేమ్ ప్లేట్ మీద గ్యాస్ పేరు చూడమని ఆయనే చూపించారు. ఇప్పుడు మన దగ్గర అమ్ముడుపోయే ఇంటి ఏసీల్లో ఎక్కువ భాగం ఆర్-32వే. దీని వల్ల ఓజోన్‌కు హాని లేదు, కాని వాతావరణాన్ని వేడెక్కించే గుణం ఉంది. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే ఆ గుణం ఆర్-410ఏకు 2,088 రెట్లు కాగా, ఆర్-32కు 675 రెట్లు. అమెరికాలో 2025 జనవరి 1 నుంచి ఈ అంకె 700 దాటిన గ్యాస్‌తో కొత్త ఇంటి ఏసీలు తయారు చేయకూడదన్న నిబంధన వచ్చింది. అక్కడ స్థిరపడిన పిల్లలు ఈ సంగతి ఫోనులో చెప్పగానే మన దగ్గర కూడా ఏసీలన్నీ పనికిరాకుండా పోతాయని తెలిసినవారిలో ఇద్దరు ముగ్గురు భయపడ్డారు. ఆ నిబంధన అక్కడిది; పైగా ఆర్-32 ఆ 700 హద్దుకు లోపలే ఉంది. మనకు వర్తించేది 2016లో రువాండాలోని కిగాలీలో కుదిరి, భారత్ 2021లో ఆమోదించిన మాంట్రియల్ ఒప్పంద సవరణ. దాని ప్రకారం ఆర్-32, ఆర్-410ఏ తరహా వాయువుల వాడకం 2028లో ఒక స్థాయి వద్ద ఆగి, 2032లో 10 శాతం, 2037లో 20 శాతం, 2042లో 30 శాతం, 2047లో 85 శాతం తగ్గాలి. లెక్కకట్టేది వేడెక్కించే గుణాన్ని బట్టి కనుక ఒత్తిడి ముందుగా ఆర్-410ఏ మీద పడుతుంది. ఈ రోజు ఆర్-32 ఏసీ కొన్నవారికి దాని ఆయుష్షు తీరేదాకా గ్యాస్ దొరకదన్న బెంగ అక్కరలేదని నా అభిప్రాయం.

అంటుకునే గ్యాస్ అన్న భయం మాత్రం పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. ఆర్-32కు స్వల్పంగా మండే గుణం ఉంది, కొన్ని ఏసీల్లో వాడే ఆర్-290కి, అంటే ప్రొపేన్‌కు, ఎక్కువగా ఉంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల గదిలో సుమారు 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అందులో 900 గ్రాముల ఆర్-32 మొత్తం కారి సమంగా కలిసినా ఘనపు మీటరుకు 27 గ్రాములకు మించదు. అంటుకోవాలంటే 300 గ్రాములకు పైగా ఉండాలి. గదిలో ప్రమాదం తక్కువే. అసలు జాగ్రత్త కావలసింది గొట్టాలకు అతుకు వేసేటప్పుడు, అంటే మెకానిక్‌కు.

ఈ దుకాణం విలువ తెలిసింది అక్కడే. ఆర్-22 రోజుల్లో నట్టు వదులు చేసి, గ్యాస్‌తోనే గొట్టాల్లోని గాలిని బయటికి తోసి, బిగించేసే అలవాటు ఉండేది; ఇప్పటికీ చాలామంది అదే చేస్తున్నారు. మండే గ్యాస్‌ను గాలిలోకి వదలడం ఒక తప్పైతే, గొట్టాల్లో మిగిలిన తేమ కొత్త నూనెను పాడుచేయడం మరో నష్టం. ఇక్కడి మనుషులు పాత నూనె అంటిన రాగి గొట్టాన్ని తీసేసి కొత్తది వేశారు, దాని అంచును గరాటులా వెడల్పు చేసి నట్టు బిగించారు, నైట్రోజన్ పట్టి లీకు లేదని చూశారు, ఆపైన వ్యాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను లాగేస్తూ, మిగిలిన ఒత్తిడిని చూపే మీటరు మీద అంకె 500 మైక్రాన్ల కిందికి దిగేదాకా కూర్చున్నారు. పంపు ఆపాక ఆ అంకె మళ్లీ పైకి లేస్తుందేమోనని కాసేపు చూసి, అప్పుడే అవుట్‌డోర్ వాల్వు తెరిచారు. తొందరగా కానిచ్చేయమని అడిగితే ఒప్పుకోలేదు. అది నాకు నచ్చింది.

ఏసీ విషయానికొస్తే ఫిర్యాదు లేదు. బయట 44 డిగ్రీలున్న మధ్యాహ్నం కూడా పడమటి గోడ గల గదిని 25కు తెచ్చి నిలబెడుతోంది. కొనేవారు స్టార్ లేబుల్ మీద కాలపరిమితి కూడా చదవాలి. 2026 జనవరి నుంచి కొలమానాలు కఠినమయ్యాయి కనుక పాత లేబుల్‌లోని ఐదు నక్షత్రాలు, కొత్త లేబుల్‌లోని ఐదు నక్షత్రాలు ఒకటి కావు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినందున బిల్లులో ఆ వరుస సరిచూసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. మూడు మీటర్లు దాటిన గొట్టానికి విడిగా డబ్బు పడుతుందన్న మాట ముందుగా చెప్పలేదు. పాత యంత్రంలో మిగిలిన ఆర్-22ను సిలిండర్‌లోకి ఎత్తుకునే పరికరం ఉన్నా, అడిగితే తప్ప బయటికి తీయలేదు. ఆర్-290 ఏసీలకు వారి దగ్గర సర్వీసు లేదు. అందుకు శిక్షణ పొందిన మనిషి తమ వద్ద లేడని యజమాని నిజాయితీగా చెప్పారు కాబట్టి, ఆ రకం ఏసీ ఎంచుకునేవారు నల్లగొండకు వచ్చి సర్వీసు చేసే మనిషి తయారీ కంపెనీకి ఉన్నాడో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోవాలి.